పడిశం పోయింది, వాసన మాత్రం రాలా. ఇంకెవరికన్నా ఇట్టా ఉండాదా?

కర్రీపాయింట్_అక్క · నెల్లూరు

అందరికీ నమస్తే. రెండో వేవ్‌లో, 2021 మే నెల్లో ఇంటిల్లిపాదికీ కొవిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది, మా ఆయనకీ పిల్లోళ్లకీ వాసన కూడా తిరిగొచ్చింది. నాకు రాలేదు. మధ్యలో కాస్త తెలిసీ తెలియనట్టు ఉండింది గానీ, పోయిన చలికాలం గట్టిగా పడిశం పట్టి ఆ ఉన్నది కూడా ఊడ్చుకుపోయింది.

నాది కర్రీ పాయింట్. తెల్లారుజామున పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నానికి పప్పు, వేపుళ్లు, పులుసు, రసం అయిపోవాల. ఆదివారమైతే చేపల పులుసు. ముక్కు లేకుండా వంట ఎట్టా చేస్తుండావు అంటారా? చెవులతో, కళ్లతో. ఆవాల చిటపట సద్దుమణగతా ఉండగానే కరివేపాకు వేస్తా, మిరపకాయ రంగు చూసి దించుతా. మెంతులతోనే చావు. ఎర్రబడినాయి అనుకునే లోపల నల్లబడతాయి, ఆ రోజు పులుసంతా చేదే. చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి ఎరుపు చూస్తా, కన్ను ఉబ్బుగా ఉండాదా లోపలికి పోయిందా చూస్తా, వేలితో నొక్కినప్పుడు పడిన గుంట అట్నే ఉండిపోతే వెనక్కిచ్చేస్తా. ఉప్పూ పులుపూ నాలిక్కి తెలుస్తుండాయి. కానీ మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు తింటే, వేడినీళ్లలో ఉప్పూ కారం కలుపుకుని తాగినట్టు ఉండాది.

ఒక డాక్టరుకి చూపించినా. ముక్కులోకి తొంగి కూడా చూడకుండా విటమిన్ మాత్రలు రాసి, "అదే వస్తదిలేమ్మా" అన్నాడు. నేనడిగేది ఒకటే. ఇంత కాలం తర్వాత కూడా వచ్చినోళ్లు ఉండారా?

మైపాడు_రొయ్య · మైపాడు

అక్కా, నాదీ అదే కత. నాకు కొవిడ్ కూడా కాదు, పరీక్ష చేయిస్తే లేదనే వచ్చింది. ఉత్త పడిశం. నేను రొయ్యల గుంటలు చూసుకుంటా. గట్టు మీద నిలబడితేనే గుంట సంగతి తెలిసిపోయేది. మిగిలిన మేత అడుగున కుళ్లి నల్లమట్టి పట్టిందంటే కుళ్లిన గుడ్డు కంపు పైకి తన్నుకొస్తది. ఇప్పుడు ఆ నల్లమట్టి కాస్త గరిటెతో తీసి మా వాడి ముక్కు దగ్గర పెట్టి "ఎట్టుందిరా" అని అడుగుతుండా. వాడు సెల్లులోంచి తలెత్తకుండా "బానే ఉంది నాయనా" అంటాడు. వాడి ముక్కు మీద లక్షల సరుకు పెట్టుకుని కూర్చున్నా.

ఒంగోలు_గిత్త · ఒంగోలు

అదృష్టవంతులబ్బా మీరు. మా ఇల్లు మురుగుకాలవ పక్కన. ఆ జబ్బేదో కొన్నాళ్లు నాకూ ఇప్పించండి.

వేలం_బేరం · కందుకూరు

గిత్తా, నవ్వులాట కాదిది. నేను పొగాకు కొనుగోలు కంపెనీ తరఫున వేలం కేంద్రంలో పాడతా. ఆకు రంగు కంటికి తెలుస్తది, తేమ చేతికి తెలుస్తది. లోపల బూజు మొదలైన బేలు, అంటే పొగాకు మూట, మాత్రం విప్పంగానే ముక్కుకే తెలియాలి. నా ముక్కు పని చెయ్యట్లేదని కంపెనీలో ఎవరికీ చెప్పలా. పక్కనోడి మొహం చూసి రేటు పాడతన్నా. వాడు మొహం చిట్లిస్తే నేను ఒక అడుగు వెనక్కేస్తా. సీజనంతా ఇట్టాగే లాక్కొచ్చా.

అది సరే, ఇల్లు? మా ఇంట్లో చంటిపాప ఉంది. వచ్చినోళ్లందరూ ఎత్తుకుని మాడు మీద ముద్దుపెట్టి "పాలవాసన" అంటారు. నాకు ఏమీ లేదు. చెప్పుకుంటే "కళ్లు పోలేదుగా, సంతోషించు" అంటారు. అందుకే చెప్పుకోవడం మానేశా. రోజుకి రెండు మూడు సార్లు స్నానం చేస్తన్నా. నా ఒళ్లు ఎట్టా ఉందో నాకు తెలీదు గదా.

ఒంగోలు_గిత్త · ఒంగోలు

సర్లే అన్నా. గమ్మునుండి చదువుతా.

ముక్కు_చెవి_గొంతు · ఒంగోలు

నేను ఈఎన్‌టీ డాక్టర్ని. మీ ముక్కు చూడకుండా రాస్తున్నాను, కాబట్టి దీన్ని వైద్యసలహాగా కాకుండా అవగాహన కోసం చదవండి.

అక్కా, ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. యాలకులు దంచి కలిపిన బెల్లం ముక్క తీసుకోండి. ముక్కు గట్టిగా మూసుకుని నమలండి. ఎవరికైనా తీపి ఒక్కటే తెలుస్తుంది. నములుతూనే ముక్కు వదలండి. వాసన ఉన్నవాళ్లకి ఆ క్షణంలో యాలకులు గుప్పుమంటాయి. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ఇదే. నమిలినప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన. నాలుక పని తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసం రసంలోనూ పుట్టగొడుగుల్లోనూ ఉండే ఉమామి, అంతవరకే. మీకు ఉప్పూ పులుపూ తెలుస్తున్నాయంటే నాలుక బాగానే ఉంది, పోయింది ముక్కే.

కారం ఈ రెండింట్లో ఏదీ కాదు. మిరప మంట, ఉల్లిపాయ కోసినప్పుడు కళ్లల్లో నీళ్లు, అమృతాంజనం చల్లదనం, ఇవన్నీ ముఖానికి స్పర్శ ఇచ్చే వేరే నాడి పని. "నాకు అమృతాంజనం తెలుస్తోంది, వాసన ఉన్నట్టే" అని చాలామంది పొరబడతారు. తెలిసేది వాసన కాదు, ఘాటు.

ఇక ఎందుకు పోతుందంటే, ముక్కు పైకప్పులో చిన్న పొర ఉంటుంది. వాసన పట్టే నాడీకణాలు అక్కడే ఉంటాయి. కొవిడ్ వైరస్ ప్రధానంగా ఆ నాడీకణాల్ని కాదు, వాటిని పోషించే పక్క కణాల్ని పట్టుకుంటుంది, ఏసీఈ2 అనే తలుపు ఉండేది వాటికే. అవి దెబ్బతింటే నాడీకణాలూ పడిపోతాయి. వైరస్ వెళ్లిపోయాక కూడా కొందరి పొరలో వాపు కణాలు తిష్ఠవేసుకుని ఉంటున్నాయని 2022 చివర్లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ముక్కులోంచి తీసిన నమూనాల్లో చూశారు. మంచి మాట ఏమిటంటే, మన శరీరంలో జీవితాంతం కొత్తగా పుట్టే కొద్దిపాటి నాడీకణాల్లో ఇవీ ఉన్నాయి. అందుకే ఏడాది దాటాక, రెండేళ్లు దాటాక కూడా మెరుగైనవాళ్లు ఉన్నారు. అందరికీ పూర్తిగా వస్తుందని మాత్రం ఎవరూ రాసివ్వలేరు.

రొయ్య గారూ, కొవిడ్ రాకముందు నుంచీ ఈ జబ్బు మా పుస్తకాల్లో ఉంది. మామూలు పడిశం వైరస్‌లు, ఫ్లూ కూడా ఇదే పని చేస్తాయి.

పొదిలి_పంతులు · పొదిలి

డాక్టరు గారు చెప్పినదానికి చిన్న చేర్పు. మనిషి ముక్కులో దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. ఒక్కో వాసన వాటిలో కొన్నింటిని కలిపి మీటుతుంది, ఆ కలయికను బట్టి మెదడు పోల్చుకుంటుంది. ఈ గ్రాహకాల జన్యువుల్ని 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది.

మన రాష్ట్రంలో మొదటి కొవిడ్ కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే బయటపడింది. వాసన, రుచి పోవడాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ లక్షణాల జాబితాలో చేర్చింది ఆ జూన్‌లో. ఆ మూడు నెలలూ "వాసన తెలియట్లేదు సార్" అన్నవాణ్ణి చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. ఇప్పుడూ పెద్దగా మారలేదు.

కర్రీపాయింట్_అక్క · నెల్లూరు

డాక్టరు గారూ, బెల్లం పరీక్ష చేసినా. ముక్కు మూసినా తీపే, వదిలినా తీపే. మా పిల్లకి చేయిస్తే ముక్కు వదలంగానే ఎగిరి గంతేసింది. నాలుక బాగుండాదని తెలిసి సగం బరువు దిగింది. ఇప్పుడేం చెయ్యాల?

ముక్కు_చెవి_గొంతు · ఒంగోలు

మొదట ఈఎన్‌టీ దగ్గర ముక్కులోకి సన్న గొట్టంతో చూపించుకోవాలి. వైరస్ మీద నెట్టేసి వదిలేస్తే, లోపల కండ పెరిగిందో, సైనస్ చీము పట్టిందో తెలియకుండా పోతుంది. వాటికి మందు ఉంది. ఒక్క వైపే వాసన పోయినా, ముక్కులోంచి రక్తం పడుతున్నా, తలకి దెబ్బ తగిలాక పోయినా, పడిశమే లేకుండా మెల్లగా తగ్గుతూ వచ్చినా ఆలస్యం చెయ్యకూడదు. పెద్దవయసులో కారణం లేకుండా తగ్గడం చేతులు వణికే పార్కిన్సన్స్ లాంటి జబ్బుకి ముందు గుర్తు కూడా కావచ్చు.

అవేవీ కాదని తేలితే, ఇప్పటికి కాస్త ఆధారం ఉన్నది వాసన సాధన. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి. గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్కోటి పది ఇరవై సెకన్లు, బలంగా పీల్చకుండా చిన్న చిన్నగా. మధ్యలో కాస్త విరామం. సీసా ముక్కు దగ్గర పెట్టి సీరియల్ చూస్తే లాభం లేదు, ఆ వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలి. వాళ్లు పన్నెండు వారాలు చేయించారు. ఇప్పుడు మేం ఇంకా ఎక్కువ నెలలు చెయ్యమంటున్నాం, మధ్యలో వాసనలు మార్చమంటున్నాం.

పొదిలి_పంతులు · పొదిలి

ఈ సామగ్రికి కొరియర్ అక్కర్లేదు. నీలగిరి అంటే మన జామాయిలే, మా జిల్లాలో ఎక్కడ చూసినా తోటలే. ఆకు నలిపితే చాలు. నిమ్మకి గూడూరు, పొదలకూరు ఉండనే ఉన్నాయి. లవంగం మీ పోపుల డబ్బాలో ఉంది.

కర్రీపాయింట్_అక్క · నెల్లూరు

గులాబికి రొట్టెల పండగప్పుడు కొన్న అత్తరు ఉండాది. జామాయిల్ ఆకు పీలిస్తే ముక్కులో చల్లగా తెలుస్తుండాది డాక్టరు గారూ. సంబరపడబోయి మీరు చెప్పిన ఘాటు సంగతి గుర్తొచ్చి ఆగినా. నిమ్మకాయ రసం కాకుండా తొక్క గీకి పెట్టుకున్నా. కరెక్టేనా?

ముక్కు_చెవి_గొంతు · ఒంగోలు

కరెక్టే, నిమ్మవాసన నూనె ఉండేది తొక్కలోనే. ఎప్పటికప్పుడు తాజాగా గీకండి. లవంగాలు కూడా అప్పుడప్పుడు కొత్తవి దంచుకోండి.

వాట్సాప్_వైద్యం · గిద్దలూరు

ఇంత కష్టమెందుకు. కర్పూరం, వాము, లవంగం నూనెలో కాచి రెండు చుక్కలు ముక్కులో వేసుకోండి, మూడో రోజుకి గ్యారంటీ. జింకు మాత్రలు రోజుకి మూడు. మావాళ్లు నలుగురికి తగ్గింది. కావాల్సినవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, సీసా పంపుతా.

వేదిక_నిర్వాహకులు

సీసా అమ్మకం ఇక్కడ కుదరదు. ఫోన్ నంబరు తీసేశాం. మిగతాది చర్చ కోసం ఉంచుతున్నాం.

ముక్కు_చెవి_గొంతు · ఒంగోలు

ముక్కులో నూనె చుక్కలు ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా తెస్తాయి. కర్పూరం పసిపిల్లలకి విషం, ఫిట్స్ వస్తాయి. వేలం గారింట్లో చంటిపాప ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నా. ఇక జింకు, శరీరంలో లోటు ఉంటే తప్ప పోయిన వాసన తెస్తుందనడానికి సరైన ఆధారం లేదు. నెలల తరబడి ఎక్కువ మోతాదు మింగితే రాగి లోటు వస్తుంది. ముక్కులో వేసుకునే జింకు మందులైతే ఉన్న వాసనే పోగొట్టాయని 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాడొద్దని హెచ్చరించింది.

నలుగురికి తగ్గిందంటారా, తగ్గే ఉంటుంది. కొవిడ్‌తో వాసన పోయినవాళ్లలో అత్యధికులకి ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో వస్తుంది. 2022లో బీఎమ్‌జే అనే వైద్య పత్రికలో అనేక అధ్యయనాల్ని కలిపి వేసిన లెక్కలో దీర్ఘకాలం మిగిలిపోయేది నూటికి అయిదారుగురికి. ఈ చర్చలో మాట్లాడుతున్నది ఆ అయిదారుగురు.

స్టెరాయిడ్ మాత్రలు కూడా సొంతంగా మొదలుపెట్టకండి. షుగరున్నవాళ్లకి ఒక్కసారిగా పైకి లేస్తుంది. పీఆర్‌పీ ఇంజక్షన్లు, అంటే మన రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం ఎక్కించేవి, చిన్న ప్రయోగాల్లో ఆశ చూపించాయి, ఇంకా పరీక్షల దశే. ప్యాకేజీ అని డబ్బు అడిగితే వెనక్కి రండి.

ఒంగోలు_గిత్త · ఒంగోలు

2021 మేలో కృష్ణపట్నం దారిలో ఆనందయ్య కొవిడ్ మందు కోసం బారులు తీరిన జనాన్ని చూసినోణ్ణి. మనిషికి ప్రాణభయం పట్టుకున్నాక ఆధారం అడిగే ఓపిక ఉండదు డాక్టరు గారూ. మీరు తిట్టకుండా చెబుతున్నారు, అది బాగుంది.

కావలి_కోడలు · కావలి

నాది ఇంకో రకం. వాసన పూర్తిగా పోయి, తర్వాత వచ్చింది. వచ్చిందని ఏడవాలా నవ్వాలా తెలీదు. కాఫీ కాస్తే ప్లాస్టిక్ కాలుతున్నట్టు. ఉల్లిపాయలు వేగుతుంటే చచ్చిన ఎలుక. కోడిగుడ్డు, చికెన్, వెల్లుల్లి అన్నీ ఒకటే కంపు, దేనికీ తేడా లేదు. మా అత్త "కడుపుతో ఉన్నావేమో" అని రెండుసార్లు పరీక్ష చేయించింది. పది కేజీలకు పైగా తగ్గిపోయా. ఏం తిని బతకాలి?

ముక్కు_చెవి_గొంతు · ఒంగోలు

దీన్ని పరోస్మియా అంటారు. కొత్తగా పుట్టిన నాడీకణాలు కొన్నే పనిచేస్తున్నప్పుడు మెదడుకి అరకొర సమాచారం అందుతుంది, అందుకే ఈ వాసనల తారుమారు అని ప్రస్తుతం అనుకుంటున్నది. నరాలు మళ్లీ మొలుస్తున్నాయనడానికి తరచూ ఇదో గుర్తు. వేగినవీ, మాడినవీ, గంధకపు సమ్మేళనాలు ఉన్నవీ ఎక్కువ బాధపెడతాయి. ఇంగ్లండ్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు కాఫీని విడదీసి, దోషుల్లో ముఖ్యమైనది అందులోని ఒక గంధకపు సమ్మేళనమని తేల్చారు. మామూలు ముక్కుకి అదే కమ్మటి కాఫీ వాసన.

తిండి చల్లగా, వేపుడు లేకుండా చూసుకోండి. వేడికే వాసనలు లేస్తాయి. పెరుగన్నం, ఇడ్లీ, ఉల్లి వెల్లుల్లి లేని పెసరపప్పు, అరటిపండు, సపోటా, పల్లీ ఉండలు. ఇంగువ కూడా వద్దు, అదీ గంధకమే. ఇంత బరువు తగ్గారు కాబట్టి ఒకసారి ఫిజీషియన్‌కి తప్పకుండా చూపించుకోండి. అత్తగారికి ఈ పోస్టు చదివి వినిపించండి.

మైపాడు_రొయ్య · మైపాడు

ఒక ముఖ్యమైన సంగతి ఎవురూ ఎత్తలా. గ్యాస్! మా వంటింట్లో రెగ్యులేటర్ దగ్గర ట్యూబు కొరికేసి ఉంటే నేను పక్కనే కూర్చుని అన్నం తింటుండా. మా ఆడోళ్లు వీధిలోంచే "గ్యాసు వాసన" అని అరుచుకుంటా వచ్చినారు.

పొదిలి_పంతులు · పొదిలి

వంట గ్యాసుకి సొంత వాసన లేదు. లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్‌కాప్టాన్ కలుపుతారు. మన ముక్కుని నమ్మి పెట్టిన ఏర్పాటది, మీకు అది లేనట్టే. గ్యాస్ అలారం కొని పెట్టించండి. గుర్తుంచుకోండి, ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేలమీదే పరుచుకుంటుంది. అలారం గోడకి కింద, నేలకి దగ్గరగా బిగించాలి. పైన బిగిస్తే అది మోగేసరికి ఆలస్యం. లీకు అనుమానం వస్తే స్విచ్ వెయ్యొద్దు, ఆపొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యాలి. కర్రీ పాయింట్‌లో పెద్ద సిలిండర్లుంటాయి, అక్కయ్య గారు ఈ రోజే చూసుకోండి.

కర్రీపాయింట్_అక్క · నెల్లూరు

పంతులు గారూ, రెండు అలారాలు పెట్టించినా, ఒకటి షాపులో ఒకటి ఇంట్లో. మిగిలిన కూరల డబ్బాల మీద తేదీ రాసి అంటిస్తుండా. మరుసటి రోజుకి ఉంచేది చేపల పులుసు ఒక్కటే, అదీ మా ఆయన మూత తీసి చూసినాకే.

కర్రీపాయింట్_అక్క · నెల్లూరు

చానా నెలలకి మళ్లీ వచ్చినా. ఎండోస్కోపీ చేయించుకున్నా, లోపల కండ ఏమీ లేదన్నారు. సాధన మాత్రం వదల్లా. మొదట తెలిసింది నిమ్మతొక్క. గీకతా ఉంటే ఏదో పలచగా, నిమ్మ అని చెప్పలేను గానీ ఏమీ లేకుండా మాత్రం లేదు. మా పిల్లని పిలిచి, నేను కళ్లు మూసుకుంటే సీసాలు మార్చి పెట్టమన్నా. నిమ్మా లవంగమూ విడిగా పట్టుకున్నా. అత్తరు ఇంకా తెలీదు.

దాని ఎనకాలే కావలి చెల్లెలి బాధ కూడా దిగింది. ఉల్లిపాయ వేపితే రబ్బరు కాలిన కంపు. కర్రీ పాయింట్‌లో ఉల్లిపాయ వేపకుండా ఏం చేస్తాం? మా చెల్లెలి కొడుకుని ఉల్లిపాయల పొయ్యి దగ్గర పెట్టి, పప్పూ పచ్చళ్లూ నేను చూస్తుండా. పొగ లాగే ఫ్యాను పెట్టించినా. చికెన్ వండే రోజు నేను గల్లాపెట్టె దగ్గరే. గిరాకీ ఏమీ తగ్గలేదు, పిల్లోడి వేపుడు నాకన్నా బాగుండాదని ఒకాయన నా మొహానే చెప్పిపోయినాడు. కోపమొచ్చింది.

కావలి_కోడలు · కావలి

అక్కా, నాకు కాఫీ ఇంకా అంతే. కోడిగుడ్డు మాత్రం తినగలుగుతున్నా, ఉడకబెట్టి పూర్తిగా చల్లారాక. బరువు నిలబడింది. అత్త ఇప్పుడు తనే వెల్లుల్లి లేని రసం పెట్టిస్తోంది.

వేలం_బేరం · కందుకూరు

కంపెనీలో చెప్పేశా. తీసెయ్యలా. ఈ సీజన్‌కి నా పక్కన ఇంకొకణ్ణి నిలబెట్టారు, వాసన వాడిది, రేటు నాది. ఇంట్లో కూడా చెప్పా, స్నానాలు తగ్గినయ్. డాక్టరు గారూ, నా సాధనలో గులాబి బదులు పొగాకు ఆకు పెట్టుకోవచ్చా? ఇరవై ఏళ్లుగా నా ముక్కుకి తెలిసిన వాసనంటే అదే.

ముక్కు_చెవి_గొంతు · ఒంగోలు

పెట్టుకోవచ్చు. ఏ వాసన బాగా గుర్తుందో అదే మంచిది. ఆకు ముక్కగానే ఉంచండి, పొడి చెయ్యకండి. ముక్కుపొడి మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. మీ పాప చేతికి ఆ సీసా అందకుండా పైన పెట్టండి.

మైపాడు_రొయ్య · మైపాడు

నేను గుంట మట్టి పెట్టుకోవచ్చా?

ముక్కు_చెవి_గొంతు · ఒంగోలు

వద్దండీ. అందులో సూక్ష్మజీవులుంటాయి. మీకు ఉలవచారు, కాఫీ గింజలు చాలు.

ఒంగోలు_గిత్త · ఒంగోలు

వేలం అన్నా, మీ పొగాకు పోను మిగతా మూడూ నేను తెస్తా. జామాయిల్ ఆకు మా బావమరిది తోటలోది. మా వీధిలో హోమియో డాక్టరు ఖాళీ సీసాలు ఇస్తానన్నాడు, అవి సరిపోతాయా?

ముక్కు_చెవి_గొంతు · ఒంగోలు

కడిగి బాగా ఆరబెట్టండి, పాత మందు వాసన మిగలకూడదు. మూత బిగుతుగా ఉంటే సరిపోతాయి.